ఇంటి గోడకొక మేలైన ముద్రాచిత్రం

అరువదినాలుగు కళలలో చిత్రకళ ఒకటని మనవారు ఏనాడో లెక్క కట్టిపెట్టినారు. కాని ఆ కళను నిత్యం కన్నులారా చూచే భాగ్యం మాత్రం చాలకాలం కోటలకు, కోవెలలకు, దివాన్‌ఖానాలకు పరిమితమై ఉండినది. రాజుకు ఆస్థాన చిత్రకారుడు ఉండేవాడు, నవాబుకు ముసవ్విరు ఉండేవాడు. నెలజీతంతో సంసారం ఈడ్చుకొని వచ్చే మనబోటి గృహస్థుకు ఉన్న ఆధారం ముద్రణాయంత్రం ఒక్కటే. ఆ యంత్రం మనకు ఎంత మేలు చేయగలదో, మనం ఆదమరచి ఉంటే అంత మోసమూ చేయగలదు. ఈ సంగతి నేను పుస్తకాలు చదివి తెలిసికొన్నది కాదు.

మా తండ్రిగారు ఉన్నత పాఠశాలలో ఉర్దూ బోధించి విశ్రాంతి పొందినవారు. మేమాయనను అబ్బా అని పిలుస్తాము. ఆయన వ్రాతబల్లకు ఎదురుగా గోడమీద, ఏదో పాతపత్రికనుండి కత్తిరించిన రంగుల పుట ఒకటి నా చిన్నప్పటినుండి ఉండేది. చేతిమీద మైనాపిట్టతో నిలుచున్న యోగిని, నెత్తిన జడలముడి, ప్రక్కన విపరీతమైన పరిమాణంలో విరిసిన పూలు, వెనుక కొండమీద తెల్లని మేడలు. బీజాపూరు సుల్తాను రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా కాలంలో, అనగా పదిహేడవ శతాబ్ది ఆరంభంలో వ్రాసిన చిత్రమది. దక్కనీ భాషలో ‘కితాబె నౌరస్’ రచించిన సంగీతప్రియుడు ఆ సుల్తాను. మూలచిత్రం ఇప్పుడు ఐర్లండు రాజధాని డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉన్నది. దక్కను గడ్డమీద పుట్టిన యోగినిని చూడవలెనంటే దక్కనువాడు సముద్రాలు దాటిపోవలసిందే.

అబ్బా ఉద్యోగ విరమణ చేసిన సంవత్సరం నేను నగరంలోని ఒక దుకాణంలో ఆ చిత్రానికే పెద్ద ప్రతిని చూచినాను. క్రింద ఆంగ్లంలో ‘మ్యూజియం క్వాలిటీ’ అని బంగారు అక్షరాలు, వెనుక ఒక ధ్రువపత్రం. నాలుగువేల ఐదువందల రూపాయలు చెల్లించి తెచ్చి, పడమటి కిటికీకి ఎదురుగా ఆయన బల్ల పైన వ్రేలాడదీసినాను. ఆయన పాతపుటను జాగ్రత్తగా ఊడదీసి సొరుగులో పెట్టుకొన్నారు. మూడేండ్లు గడచినవి. ఒకనాడు ఆయన, “కళ్ళకు పొరలు కమ్ముతున్నట్లున్నవి బేటా. యోగిని నీలంగా కనబడుతున్నది” అన్నారు. కంటివైద్యునివద్దకు తీసికొనిపోయినాను. వైద్యుడు పరీక్షించి, శుక్లం ముదిరితే లోకం పసుపుచాయలో కనబడుతుందేగాని నీలంగా కనబడదని చెప్పి నవ్వినాడు. ఇంటికి వచ్చి చూస్తే దోషం ఎక్కడున్నదో తెలిసినది. ఎరుపు, పసుపు వెలిసిపోయి నీలపుసిరా మాత్రం మిగిలినది. కొన్ని నెలలుగా ఆయన తన కళ్ళను అనుమానించుకొంటూ ఎవరికీ చెప్పక కూర్చున్నారని తలచుకొంటే ఇప్పటికీ నాకు సిగ్గువేస్తుంది. తరువాత దుకాణంవారిని అడిగితే, ఎండలో పెట్టమని మేము చెప్పినామా అన్నారు.

‘మ్యూజియం క్వాలిటీ’ అనే మాటకు చట్టంలో నిర్వచనం లేదు. ఎవరైనా దేనిమీదనైనా అచ్చువేసికొనవచ్చును. అందుచేత మాటను విడిచి వస్తువును పరీక్షించుట నేర్చుకొనవలెను. అన్నిటికంటె ముందు, మనం కొంటున్నది మూలముద్రయా, ప్రతిరూపమా అనే భేదం తెలియవలెను.

మచిలీపట్నం కలంకారీ అద్దకం చూచినవారికి మూలముద్ర అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. చెక్కిన అచ్చుదిమ్మెను రంగులో ముంచి వస్త్రంమీద అద్దుతారు. నూరుసార్లు అద్దినా నూరూ అసలైనవే. వాటిలో ఒకటి మాతృక, తక్కినవి నకళ్ళు అని లేదు. చిత్రకారుడు దారుఫలకంమీదనో, రాగిరేకుమీదనో, శిలమీదనో తానే గీసి, దానినుండి కాగితంమీద ఒత్తి తీసిన ప్రతి అటువంటిదే. మెదక్ ప్రాంతపు నిజాంపూరులో 1940లో జన్మించిన లక్ష్మాగౌడ్ పేరు ఎచింగు అనే ప్రక్రియతో పెనవేసికొన్నది. రేకుకు మైనపుపూత పూసి, సూదితో గీతలు గీసి, ఆమ్లంలో ముంచితే పూత చెదరినచోట మాత్రం లోహం కరగి గాళ్ళు పడుతవి. ఆ గాళ్ళలో సిరా నింపి, పైభాగం తుడిచివేసి, తడికాగితం పరచి యంత్రంలో గట్టిగా నొక్కుతారు. రేకు అంచుల ఒత్తిడికి కాగితంమీద చిత్రం చుట్టూ ఒక పల్లపుచతురస్రం ఏర్పడుతుంది. ఎచింగు అని చెప్పి అమ్మే కాగితంమీద వేలికొనకు ఆ పల్లం తగలకపోతే కొంచెం ఆగి ఆలోచించవలసినదే.

శిలాముద్రణ సంగతి మన కళాశాలలోని ఉర్దూ విద్యార్థులకు తెలిసినంతగా ఇతరులకు తెలియకపోవచ్చును. బవేరియా దేశస్థుడైన సెనెఫెల్డర్ పదునెనిమిదవ శతాబ్ది చివర దీనిని కనుగొన్నాడు. జిడ్డుకు నీటికి పొసగదు అనే లోకమెరిగిన సత్యమే దీనికి పునాది. సున్నపురాతిమీద జిడ్డుసిరాతో వ్రాసి, రాతిని తడిపి, పైన ముద్రణసిరా దొర్లిస్తే, వ్రాతవద్ద మాత్రం సిరా పట్టి తక్కినచోట జారిపోతుంది. నస్తలీఖ్ లిపి ఒంపులు సీసపు అక్షరాలకు లొంగనందున ఉర్దూ ప్రపంచం ఈ రాతిని గుండెకు హత్తుకొన్నది. లక్నోలో 1858లో వెలసిన నవల్‌కిశోర్ ముద్రణాలయం మొదలుకొని ఎన్నో ముద్రణాలయాలు కాతిబు చేతివ్రాతను రాతిమీదికెక్కించి లక్షలాది పుటలు అచ్చువేసినవి. అదే రాయి చిత్రాలకూ ఉపయోగపడినది. రాజా రవివర్మ 1894లో ముంబైలో స్థాపించిన ముద్రణాలయంనుండి వెలువడిన ఓలియోగ్రాఫులు ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి చొప్పున అనేక శిలలపై తీసినవి. ఆ లక్ష్మీ సరస్వతుల పటాలు దేశం నాలుగు చెరగులా ఇండ్లలోకి నడచివచ్చినవి. కొందరు వాటికి జరీ, చెమ్కీ కుట్టి చీరలు కట్టినారు కూడ. అవి రవివర్మ నూనెరంగుల చిత్రాలకు ప్రతిరూపాలేగాని ఆయన చేతి మూలముద్రలు కావు. అయినా వయస్సువలన, ముద్రణ పనితనంవలన వాటికి స్వతంత్రమైన విలువ ఏర్పడినది. పాత పటాలపేరుతో నేడు అమ్ముడయ్యే వాటిలో ఆధునిక ఆఫ్‌సెట్టు ప్రతులు కలసి ఉంటవి. పదింతలు పెంచి చూపే భూతద్దం ఒకటి జేబులో ఉంటే చాలు. ఆఫ్‌సెట్టు ప్రతిలో రంగుచుక్కలు వరుసతప్పక చిన్నచిన్న పూలవలె అమరి కనబడుతవి. శిలాముద్రణలో చుక్కలున్నా అవి చేతితో పెట్టినవి కనుక కంకరరాళ్ళవలె అడ్డదిడ్డంగా ఉంటవి.

ఇక అంకెల ముచ్చట. మూలముద్ర క్రింద పెన్సిలుతో 12/50 అని భిన్నంవలె వ్రాసి ఉంటే, మొత్తం యాబది ప్రతులలో ఇది పండ్రెండవది అని అర్థం. యాబది ముగిసిన తరువాత రేకును గీకి పాడుచేయుట సంప్రదాయం. అంకె చిన్నదైతే విలువ ఎక్కువని కొందరు బేరం పెంచుతారు. సూదిగీతల అంచున లేచిన నూగులాంటి లోహం త్వరగా అరిగిపోయే డ్రైపాయింటు పద్ధతిలో తప్ప ఆ వాదానికి పెద్దగా బలం లేదు. మరి కంప్యూటరు అచ్చుకు కూడ ‘లిమిటెడ్ ఎడిషన్’ అని అంకె వేసి, చిత్రకారునిచేత సంతకం చేయించి అమ్ముట ఉన్నది. హుసేన్ చిత్రాల సెరిగ్రాఫులు, అనగా సిల్కుతెర ముద్రలు, గోడలమీద విరివిగా కనబడుతవి. వాటిలో నిజమైనవీ ఉన్నవి, నకిలీలూ ఉన్నవి. సంతకాన్ని కొనవద్దు, చిత్రాన్ని కొనండి అని నేను చెప్పుతాను. సంతకంకోసమే అధికధర పెట్టదలచినవారు ఆ ప్రతి ఎవరినుండి ఎవరికి చేరినదో తెలిపే కాగితాలు లేనిదే రూపాయి ఇవ్వకూడదు.

ప్రతిరూపం కొనుట నామోషీ అని ఎవరూ అనుకొనరాదు. డబ్లిన్ యోగినిని ఇంటికి తెచ్చుకొనే మార్గం మరొకటి లేదు గదా. ఈనాడు మేలురకం ప్రతిరూపాలు తీసేది సిరాను సూక్ష్మబిందువులుగా చిమ్మే కంప్యూటరు ముద్రణాయంత్రాలమీద. వీటికి ‘జిక్లే’ అనే పేరు 1991లో అమెరికాలో పుట్టినది. చిమ్ముట అనే అర్థంగల ఫ్రెంచి మాటనుండి దానిని కల్పించినారు. పేరు నాజూకైనదేగాని అది నాణ్యతకు హామీ కాదు. ఆరంభకాలపు జిక్లేలు అనేకం కొద్దికాలంలోనే వెలిసిపోయినవి. కారణం సిరాలో ఉన్నది. సిరాలు రెండు రకాలు. ఒకటి డై, అది నీటిలో ఉప్పువలె పూర్తిగా కరగిన రంగు. రెండవది పిగ్మెంటు, అది సున్నపునీటిలో సున్నంవలె రేణువులుగా తేలియాడే రంగు. కరగిన రంగులో ప్రతి అణువూ ఒంటరిగా వెలుతురు వాతపడుతుంది. రేణువులో వేలాది అణువులు గుమికూడి ఉంటవి గనుక పైపొర చెడినా లోపలిది నిలుస్తుంది. నా నాలుగువేల ఐదువందల యోగిని డైసిరా బిడ్డ. కొనేటప్పుడు అడుగవలసిన మొదటి ప్రశ్న ఇదే. “ఇది పిగ్మెంటు సిరాయేనా? ఏ యంత్రం, ఏ సిరా, ఏ కాగితం? రసీదుమీద వ్రాసి ఇస్తారా?” నిజంగా మంచి పని చేసేవారు ఈ ప్రశ్నకు సంతోషిస్తారు. విసుగుకొనేవారి దుకాణం మెట్లు దిగిరావచ్చును.

కాగితం సిరాకంటె తక్కువది కాదు. వార్తాపత్రికను నాలుగురోజులు ఎండలో పడవేస్తే పసుపుబారుట అందరం చూచినదే. కొయ్యగుజ్జులో మిగిలిన లిగ్నిన్ అనే పదార్థం, అందులోని ఆమ్లం అందుకు కారణాలు. మేలైన ముద్రకు నూరుపాళ్ళు ప్రత్తినారతో చేసిన, ఆమ్లం లేని కాగితం వాడుతారు. జర్మనీలో 1584నుండి నడుస్తున్న హానెమ్యూలె మిల్లు కాగితాలు ఈ రంగంలో పేరు మోసినవి. చదరపు మీటరుకు మూడువందల గ్రాముల పైచిలుకు బరువు ఉండి, చేతికి అట్టవలె తగులుతవి. మన దక్కనులోనూ దౌలతాబాదు చేరువ కాగజీపురలో చేతికాగితం తయారుచేసే కుటుంబాలు శతాబ్దాలుగా ఉన్నవి. ఇక్కడ ఒక కిటుకు చెప్పుతాను. కొన్ని కాగితాలకు మల్లెపూవు తెలుపు రావడానికి మెరుపుమందు కలుపుతారు. ఆ మందు కాలక్రమాన చచ్చిపోయి కాగితం పాలిపోతుంది. దొంగనోట్లు పట్టడానికి బ్యాంకులలో వాడే ఊదారంగు దీపం ఉన్నది గదా, దానిని చీకటిలో కాగితంమీద వేసి చూడండి. నీలంగా వెలిగిపోతే మందు దండిగా ఉన్నట్లు. కొత్తచొక్కా వెలిగినట్లు వెలిగే కాగితం నాకు వద్దు.

తరువాత చూడవలసినది ఆ ప్రతికి మూలమైన ఛాయాచిత్రం. మంచి ముద్రణకు అంగుళానికి మూడువందల బిందువులు కావలెను. పండ్రెండు అంగుళాల వెడల్పుకు మూడువేల ఆరువందలు. అంతకంటె చాల తక్కువ ఉన్న బొమ్మను సాగదీసి అచ్చువేస్తే కనుబొమలు, వేళ్ళు మైనంవలె కరగినట్లుంటవి. ఇప్పుడు ఈ విషయంలో కాలం మనకు కలిసివచ్చినది. న్యూయార్కులోని మెట్రొపాలిటన్ మ్యూజియం 2017లో తనవద్దనున్న హక్కులు తీరిన కళాఖండాల ఛాయాచిత్రాలను, మూడులక్షల డెబ్బదియైదువేలకు పైగా, ఎవరైనా ఏ ప్రయోజనానికైనా ఉచితంగా వాడుకొనవచ్చునని ప్రకటించినది. డేగతో వేటకు వెడలిన చాంద్‌బీబీ చిత్రం ఆ మ్యూజియంలోనే ఉన్నది. అన్ని మ్యూజియాలు అంత ఉదారంగా లేవు. కొన్నిటికి అనుమతి, రుసుము తప్పవు. మన దేశపు చట్టం ప్రకారం చిత్రకారుడు మరణించిన తరువాత అరువది సంవత్సరాలవరకు హక్కు నిలిచి ఉంటుంది. 1925లో పిన్నవయస్సున కన్నుమూసిన రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు చిత్రాలకు ఆ అడ్డంకి లేదు. 2011లో మరణించిన హుసేన్ చిత్రాలను మాత్రం అనుమతి లేకుండ అచ్చువేసి అమ్ముట దొంగసొత్తు అమ్ముటే.

పరిమాణం విషయంలో నాకు ఒక పట్టుదల ఉన్నది. దక్కనీ చిత్రాలు గోడకు వ్రేలాడదీయడానికి వ్రాసినవి కావు. ముఖానికి దగ్గరగా చేతిలో పట్టుకొని చూడడానికి వ్రాసినవి. యోగిని చిత్రభాగం జానెడంతే. దానిని నాలుగడుగులు చేస్తే కుంచెలోని ఒక్క వెంట్రుకతో తీర్చిన గీత తాడంత లావవుతుంది. మూలం పరిమాణంలోనో, మహా అయితే దానికి రెట్టింపులోనో తీసికొని, చుట్టూ విశాలంగా అంచు విడిచి చట్రం కట్టించుట మేలు. మరొక లోటు ముందే తెలిసి ఉండవలెను. ఈ చిత్రాలలో తురకం చేసిన అసలు బంగారం ఉన్నది. తలను ఇటు అటు త్రిప్పితే ఆ బంగారం మెరిసి ఆరుతుంది. ఎంతటి యంత్రమైనా పసుపు, గోధుమ రంగులు కలిపి బంగారమని చెప్పగలదేగాని మెరిపించలేదు. ఆ మెరుపు ఎట్టిదో తెలియవలెనంటే ఒకసారి మ్యూజియానికి పోవలసినదే. సాలార్‌జంగ్ మ్యూజియం 1968నుండి మూసీ ఒడ్డున ఇప్పటి భవనంలో ఉన్నది. ప్రతి కొనడానికి ముందు అక్కడి దక్కనీ చిత్రాలముందు ఒక పూట గడిపినవారిని ఏ దుకాణదారూ సులభంగా మోసగించలేడు.

చట్రం కట్టేచోట సగం చిత్రాలు చచ్చిపోతున్నవి. ఖరీదైన ముద్రను తీసికొనిపోయి వీధిచివర పటాలు కట్టే అంగడిలో ఇస్తే, తెల్లజిగురు పూసి హార్డుబోర్డుకు అంటించి ఇస్తాడు. అతని తప్పేమీ లేదు, అతనికి తెలిసిన పని అదే. ఆ బోర్డులోని ఆమ్లం వెనుకనుండి కాగితాన్ని తింటుంది. సెల్లోటేపు గోధుమరంగు మచ్చ వేస్తుంది. మ్యూజియాలలో చేసే పద్ధతి వేరు. ముద్రను దేనికీ పూర్తిగా అంటించరు. పైఅంచున రెండుచోట్ల పలుచని జపాను కాగితపు తునకలను, గోధుమనుండి తీసిన శుద్ధమైన గంజిజిగురుతో అంటించి వ్రేలాడనిస్తారు. కావలసినప్పుడు నీటితడితో ఊడదీయవచ్చును. వెనుక, ముందు ఆమ్లరహితమైన ప్రత్తి అట్ట. ఆ ముందరి అట్ట అందంకోసం మాత్రమే కాదు, అద్దం ముద్రకు తగలకుండ ఎడం ఉంచుతుంది. తగిలితే వానకాలపు చెమ్మకు సిరా అద్దానికి అతుక్కొనిపోతుంది. అతినీలలోహిత కిరణాలను అడ్డగించే అద్దం కొంత ఖరీదైనా వేయించుకొనదగినది.

అయితే ఆ అద్దం ఉన్నదిగదా అని ఎండకు ఎదురుగా పెట్టరాదు. మామూలు వెలుతురు కూడ రంగును తింటుంది, నెమ్మదిగా తింటుంది, అంతే. కాగితంమీది చిత్రాలకు మ్యూజియాలలో యాబది లక్సుల వెలుతురుకు మించనీయరు. మన నడిమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్సులు. ఒక్క గంట ఎండ రెండువేల గంటల మ్యూజియం వెలుతురుతో సమానమన్నమాట. మ్యూజియం రోజుకు ఎనిమిదిగంటలు తెరచి ఉంటుందనుకొంటే రెండువందల యాబది రోజులు. మా పడమటి కిటికీనుండి సాయంకాలపు ఎండ దినానికి రెండుగంటలు యోగినిమీద పడేది. సాయంత్రపు ఎండ కొంత తక్కువైనదే అనుకొన్నా, మూడేండ్లలో ఆమె ఎన్ని మ్యూజియం సంవత్సరాలు గడిపినదో లెక్కవేయడానికి నాకు మనసొప్పలేదు. దుకాణంవారి జవాబులో సగం సత్యమున్నదని ఒప్పుకొనక తప్పదు.

చెమ్మ సంగతి కోస్తావారికి నేను చెప్పవలసినది లేదు. బయటిగోడకు తగిలించకుండ లోపలి గోడకు తగిలించుట, చట్రం వెనుక నాలుగుమూలలా బెండుముక్కలు అతికించి గాలి ఆడనిచ్చుట, వానకాలంలో నెలకొకసారి దించి బూజు, వెండిపురుగు చేరినవేమో చూచుట, ఇంతే.

ఇన్ని సంగతులు తెలిసికొన్న తరువాత కిందటేడు మరల యోగినిని తెచ్చినాను. మ్యూజియంనుండి అనుమతితో వచ్చిన ఛాయాచిత్రమేనని కాగితం చూపిన ఒక చిన్న స్టూడియోలో, మూలం పరిమాణంలోనే అచ్చు వేయించినాను. ఈసారి ఉత్తరపుగదిలో, కిటికీ వెలుతురు నేరుగా తగలని లోపలిగోడకు తగిలించినాము. అబ్బా కుర్చీని అక్కడికే జరుపుకొన్నారు. భూతద్దం తీసికొని చాలసేపు చూచి, “పిట్ట ముక్కు ఎర్రగానే ఉన్నది” అన్నారు. మరికాసేపు చూచి, “బంగారం మాత్రం ఆవపొడివలె ఉన్నది” అన్నారు. ఉన్నమాటే గనుక ఊరుకొన్నాను.

సొరుగులోని పాత పత్రికపుటను ఇక పారవేద్దామా అని అడిగితే ఆయన ఒప్పుకొనలేదు. తన ఉర్దూ నిఘంటువు నడుమ పెట్టుకొన్నారు. ఆ చౌకకాగితపు ఆమ్లం నిఘంటువు పుటలకు కూడ గోధుమరంగు మచ్చ దించుతుందని చెప్పబోయి, చెప్పలేదు.